క్యాబిన్ కిటికీ: టికెట్ పెరిగితే సుఖం పెరుగుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కథ బాగాలేదని ఒక్కరూ రాయలేదు. మెడ పట్టేసిందనీ, బొమ్మ మసగ్గా ఉందనీ, బిల్లు చూసి గుండె జారిందనీ రాశారు. నాకు చేతనైన సబ్జెక్టే. ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా 27 ఏళ్లు క్యాబిన్‌లో గడిపినవాణ్ణి. ఒకే సినిమాని ఒకే హాల్లో వంద ఆటలు వేసినవాడికి తెర మీద బొమ్మ కన్నా కింద కూర్చున్న జనమే ఎక్కువ కనబడతారు. ఏ వరసవాళ్లు మెడ పక్కకి వంచి చూస్తున్నారో, ఎవరికి కాళ్లు పట్టక అటూ ఇటూ కదులుతున్నారో అంతా ఆ చిన్న కిటికీలోంచి చూసిందే. జవాబులు కూడా అక్కణ్ణుంచే.

*ప్రశ్న: మేం ఐదుగురం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. మల్టీప్లెక్స్‌కి వెళ్లిన నెల ఇంటి లెక్క తలకిందులవుతోంది. పాత సింగిల్ స్క్రీన్ హాలుకి వెళ్దామంటే పిల్లలు మొహం మాడ్చుకుంటారు. ఏది నయం? – ఒక గృహిణి*

అమ్మా, హాలు మార్చేముందు బిల్లుని విడగొట్టి చూడండి. కిందటిసారి మనవలతో వెళ్లినప్పుడు నేను రసీదులన్నీ జేబులో వేసుకొచ్చి ఇంట్లో బల్ల మీద పరిచాను. టికెట్లు ఒక కుప్ప, బుకింగ్ ఫీజు ఒక కుప్ప, పార్కింగ్ ఒకటి, లోపల కొన్న తిండీ కూల్‌డ్రింకులూ ఒకటి. తిండి కుప్పే పెద్దది! టికెట్ల దగ్గర మేం చేసిన బేరసారాలన్నీ ఒక్క పాప్‌కార్న్ బకెట్‌లో కొట్టుకుపోయాయి.

దానికి కారణం ఉంది. మీరు టికెట్‌కి ఇచ్చే డబ్బులో పెద్ద వాటా, ముఖ్యంగా సినిమా కొత్తగా వచ్చిన వారాల్లో, డిస్ట్రిబ్యూటర్‌కి పోతుంది. కౌంటర్‌లో అమ్మే తిండి మీద లాభం మాత్రం హాలువాళ్లదే. అంటే వాళ్ల బతుకుతెరువు టికెట్ కన్నా బకెట్ మీదే ఎక్కువ. మీడియం కన్నా లార్జ్ కాస్తే ఎక్కువని బోర్డు పెట్టేది మనమీద ప్రేమతో కాదు. పిల్లలకి ఇంట్లో కడుపు నింపి తీసుకెళ్లండి, లోపల ఒక్కటే కొని పంచండి. దాంతోనే మీ లెక్క చాలావరకు దారికొస్తుంది.

రెండోది బుకింగ్ ఫీజు. ఇది చాలాచోట్ల టికెట్‌కి ఇంత అని పడుతుంది. ఐదుగురికి ఐదుసార్లు. టికెట్ రద్దు చేసుకున్నా ఆ ఫీజు వెనక్కి రావడం అరుదు. విడుదలై మూడో వారం దాటిన సినిమాకి ముందే బుక్ చెయ్యాల్సిన తొందర ఏముంది? కౌంటర్ దగ్గరే కొనుక్కోండి. వారం మధ్యలో, మధ్యాహ్నం ఆటకి చాలా హాళ్లలో ధర తక్కువ ఉంటుంది. పక్క సీట్లు ఖాళీగా ఉంటే అత్తగారు చెయ్యి ఆనించుకోడానికి రెండువైపులా దొరుకుతుంది కూడా.

ఇక పాత హాలు. పాత హాలంటే పాడుబడ్డ హాలని అర్థం కాదు. నేను చూసిన పెద్ద తెరల్లో సగం పాత హాళ్లలోవే. మల్టీప్లెక్స్‌లో అదే స్థలాన్ని నాలుగైదు గదులుగా కోస్తారు కాబట్టి ఒక్కో తెర చిన్నదవుతుంది. బాల్కనీ ఉన్న హాలైతే, బాల్కనీ ముందు వరసలో మధ్య సీట్లు తీసుకోండి. ముందు తలకాయ అడ్డం రాదు, తెర కళ్లకి తిన్నగా ఉంటుంది. పిల్లల మొహాలు అక్కడ విప్పారకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి. బాల్కనీ కింద, వెనక వరసలకి మాత్రం పోవద్దు. పైకప్పు కిందికి దిగి ఉండటంతో శబ్దం అక్కడికి నలిగి వస్తుంది. డైలాగులు గొంగట్లోంచి వినబడినట్టు ఉంటాయి. ధర తక్కువని అక్కడ కూర్చుని, 'ఈ హాల్లో సౌండ్ బాలేదు' అని తిట్టుకుంటూ వెళ్లేవాళ్లని చాలామందిని చూశాను. హాలు తప్పు కాదు, ఆ సీటు తప్పు.

వెళ్లేముందు ఎవరినైనా రెండు విషయాలు కనుక్కోండి: బాత్రూములు ఎలా ఉన్నాయి, బొమ్మ వెలుగు ఎలా ఉంది. జినాన్ ల్యాంప్ వాడే ప్రొజెక్టర్లలో ల్యాంప్ గంటలు గడిచేకొద్దీ మసకబారుతుంది. దాని ఆయుష్షు అయిపోయినా ఇంకో నెల లాగుదామనుకునే యజమానుల దగ్గర నేనూ పనిచేశాను. రాత్రి సీను వస్తే తెర మీద ఎవరు ఎవరిని పొడిచారో నాకే తెలిసేది కాదు. లేజర్ ప్రొజెక్టర్ ఉన్న హాళ్లలో ఈ బాధ తక్కువ. దాని వెలుగు చాలా ఎక్కువ గంటలు నిలబడుతుంది.

*ప్రశ్న: ఐమాక్స్ టికెట్ మామూలు టికెట్‌కి దాదాపు రెట్టింపు. స్నేహితులు అందరూ అక్కడికే అంటారు. నా పాకెట్ మనీకి నిజంగా గిట్టుబాటేనా? డాల్బీ అట్మాస్ అని రాసి ఉన్న హాళ్ల సంగతేంటి? – కాలేజీ విద్యార్థి*

తమ్ముడూ, సినిమాని బట్టి. ఐమాక్స్ అనే పేరు ఒకటే గానీ ఆ బోర్డు కింద నడిచేవి ఒక రకం కాదు. 1970లో ఒసాకా ఎక్స్‌పోలో ఇది మొదట జనానికి కనబడ్డప్పుడు 70 ఎంఎం ఫిల్ముని నిలువుగా కాకుండా అడ్డంగా నడిపారు. ఫిల్ము అంచున ఒక్కో ఫ్రేముకి 15 రంధ్రాలు. నేను చేతుల్తో ఎక్కించిన 35 ఎంఎంలో ఫ్రేముకి నాలుగే. ఆ బొమ్మ ముందు మా బొమ్మ తపాలా బిళ్ల. ఆ తెర ఎత్తు ఒకటి అయితే వెడల్పు 1.43, అంటే దాదాపు చదరంగా, గోడంతా ఉంటుంది. అలాంటివి ప్రపంచంలో చాలా కొద్ది.

2008 నుంచి డిజిటల్ ఐమాక్స్ వచ్చింది. మల్టీప్లెక్సుల్లో ఉన్న హాళ్లనే మార్చి పెట్టినవి చాలా ఉన్నాయి. వాటిలో నిష్పత్తి 1.90. మామూలు తెర కన్నా పెద్దదే, వెలుగూ శబ్దమూ బాగుంటాయి, కాదనను. కానీ ఆ గోడంత తెర మాత్రం కాదు.

అసలు చూసుకోవాల్సింది సినిమా తీసిన కొలత. మామూలు స్కోప్ సినిమా 2.39 నిష్పత్తిలో ఉంటుంది, అంటే పొడుగాటి పట్టీలా. దాన్ని ఐమాక్స్ తెర మీద వేస్తే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. ఆ పట్టీలకి కూడా నువ్వు టికెట్ కొన్నట్టే. సినిమాలో కొన్ని సీన్లయినా ఐమాక్స్ కొలతలో తీస్తే, ఆ సీన్లు రాగానే బొమ్మ పైకీ కిందికీ సాగుతుంది. అప్పుడు మీ వరసలో ఎవరూ ఫోను చూడరు. ఆ రకం సినిమా అయితే ఎగస్ట్రా పెట్టు. ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకునే సినిమాకి మామూలు హాలు చాలు, మిగిలిన డబ్బుతో ఇంకో సినిమా చూడు.

ఇంకొకటి. ఐమాక్స్‌లో చివర మిగిలిన ముందు వరస సీటు రెట్టింపు ధర పెట్టి కొనకు. నీ స్నేహితులకి సీట్లు దొరికి నీకు దొరక్కపోతే, వాళ్లని వెళ్లనివ్వు. పెద్ద తెరకి దగ్గరగా కూర్చుంటే చూసేది సినిమా కాదు, సినిమాలో ముక్కలు.

డాల్బీ అట్మాస్ అని రాసి ఉన్న హాళ్ల గురించి కూడా అడిగావు. 2012లో వచ్చిన సౌండ్ పద్ధతి. గోడలకే కాదు, పైకప్పుకి కూడా స్పీకర్లు ఉంటాయి. వాన పైనుంచి కురిసినట్టు, హెలికాప్టర్ నెత్తి మీదుగా వెళ్లినట్టు వినిపిస్తుంది. డబ్బు పెట్టొచ్చు, ఒక్క షరతు: గోడ పక్క సీటు వద్దు. అక్కడ కూర్చుంటే ఒకే స్పీకర్ చెవిలో అరుస్తుంటుంది, మిగతావన్నీ మూగవే.

*ప్రశ్న: వయసు 68. మోకాళ్లు, నడుము రెండూ మొండికేశాయి. పిల్లలు రిక్లైనర్ సీటు బుక్ చేస్తామంటున్నారు. అంత ఖర్చు అవసరమా? – రిటైరైన టీచరు*

మాస్టారూ, ముందు ఖర్చు సంగతి. రిక్లైనర్ కాళ్లు చాపాలంటే వరసకీ వరసకీ మధ్య చాలా చోటు కావాలి. మామూలు హాలుని రిక్లైనర్ హాలుగా మారిస్తే సీట్లు సగానికి, కొన్నిచోట్ల సగం కన్నా తక్కువకి పడిపోతాయి. ఆ పోయిన సీట్ల డబ్బు ఉన్న సీట్ల మీద వేస్తారు. మీరు కడుతున్నది కుర్చీకి కాదు, కాళ్ల ముందున్న ఖాళీకి.

మీకు ఆ ఖాళీ అవసరమే. అయితే నడుము నొప్పి ఉన్నవాళ్లకి పూర్తిగా వాలిపోవడం అందరికీ పడదు. మెడ ముందుకు ఎత్తి చూడాల్సొస్తుంది. సగం వరకే వాల్చి, నడుము వెనక చిన్న తువ్వాలు మడత పెట్టుకోండి. ముందు వరసలు మాత్రం రిక్లైనర్ హాల్లో అంత ఘోరంగా ఉండవు, తల వెనక్కి ఆనుతుంది కాబట్టి. మామూలు హాల్లో అదే వరస శిక్ష.

లేచేటప్పుడు జాగ్రత్త. నా అనుభవం చెప్తాను. ఒక హాల్లో సినిమా సగంలో నా సీటు మోటారు ఆగిపోయింది. కాళ్ల కింది పలక పైకి లేచి ఉన్నట్టే ఉంది. బటన్ నొక్కుతున్నాను, కింద ఎక్కడో 'గుర్రు'మని శబ్దం, పలక దిగదు. బాత్రూముకి వెళ్లాలి. చివరికి ఎద్దు మీంచి దిగినట్టు పక్కకి తిరిగి, పక్కనున్న కుర్రాడి భుజం పట్టుకుని దిగాను. ఆ కుర్రాడు సినిమా అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నాడు. అందుకని, కూర్చోగానే ఒకసారి పలకని పైకీ కిందికీ నడిపి చూడండి. తేడాగా ఉంటే లైట్లు ఆరకముందే సీటు మార్పించుకోండి.

రిక్లైనర్ వద్దనుకుంటే చవకైన ఉపాయం ఉంది. ఏ మోకాలు నొప్పో ఆ వైపు నడవ ఉండే సీటు తీసుకోండి. కుడి మోకాలైతే మీ కుడిచేతి పక్క నడవ ఉండాలి. కాలు చాపుకోవచ్చు. బుక్ చేసేముందు హాలుకి ఫోన్ చేసి, 'తలుపు దాటగానే మెట్లు ఎక్కకుండా వచ్చే వరస ఏది?' అని అడగండి. చక్రాల కుర్చీల కోసం వదిలే చోటు కూడా సాధారణంగా ఆ వరసలోనే ఉంటుంది. చీకట్లో మెట్లు మోకాళ్ల కన్నా కళ్లకి ఎక్కువ పరీక్ష.

*ప్రశ్న: 3డి సినిమా చూసొచ్చాక తలనొప్పి. పైగా బొమ్మంతా చీకటి. కళ్లద్దాల తప్పా, నా తప్పా?*

ఎక్కువగా వెలుగు తప్పు. 2డి బొమ్మకి తెర మీద 14 ఫుట్‌ల్యాంబర్టుల (తెర వెలుగుని కొలిచే కొలమానం) వెలుగు ఉండాలని ప్రమాణం. 3డిలో కళ్లద్దాలు తెర మీది వెలుగులో సగానికి పైగా మింగేస్తాయి, కంటికి చేరేది ఆ 14లో మూడోవంతు దగ్గర ఉంటే చాలని సరిపెట్టుకుంటారు. ల్యాంప్ పాతదైతే అదీ ఉండదు. ఒక కన్ను బలహీనంగా ఉన్నవాళ్లకైతే 3డి లోతు అసలు కనబడకపోవచ్చు. వాళ్లు కళ్లద్దాలకి విడిగా డబ్బు కట్టడం దండగ. హాయిగా 2డికి వెళ్లండి.

2డికి వెళ్లినా చీకటిగానే ఉందా? వెనక్కి తిరిగి క్యాబిన్ కిటికీ చూడండి. కొన్ని రకాల ప్రొజెక్టర్లలో 3డి లెన్సు తియ్యకుండా 2డి ఆట వేస్తే ఒకదాని మీద ఒకటి రెండు కాంతి ధారలు వస్తాయి. (జంట ప్రొజెక్టర్లు పెట్టిన పెద్ద తెరల సంగతి వేరు, అక్కడ రెండు రావడం మామూలే.) మేనేజర్‌కి చెప్పండి. ఫిర్యాదు మొదటి పావుగంటలోనే చెయ్యాలి. ఆట అయిపోయాక ఎవరూ డబ్బు తిరిగివ్వరు.

*ప్రశ్న: ముందు వరస టికెట్ చవక. అక్కడ కూర్చుంటే కళ్లు పోతాయా?*

కళ్లు పోవు. మెడ పోతుంది. హాలుకి వెళ్లి ఈ లెక్క చేసి చూడండి. చెయ్యి పూర్తిగా ముందుకు చాచి జాన పెట్టండి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా. అది దాదాపు 20 డిగ్రీలు. చెయ్యి పొడుగున్నవాడికి జానా పెద్దదే కాబట్టి పొట్టివాడికీ పొడుగువాడికీ లెక్క ఇంచుమించు ఒకటే వస్తుంది. అడ్డంగా తెర ఎన్ని జానలుందో కొలవండి. ఆఖరి వరసలో కూడా తెర 30 డిగ్రీలు ఉండాలని ఒక ప్రమాణం, 36 ఉంటే బాగని ఇంకో ప్రమాణం. అంటే జానన్నరకి తగ్గకూడదు, రెండు జానలకి దగ్గర్లో ఉంటే మంచి సీటు. జానకి మించి రాకపోతే, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నట్టే. దానికి టికెట్ ఎందుకు?

ఇప్పుడు నిలువుగా. కంటి మట్టం నుంచి తెర పై అంచు దాకా 35 డిగ్రీలు దాటకూడదంటారు. జానా ముప్పావు. అంతకు మించి ఉంటే రెండు గంటలు గోడ గడియారం చూసినట్టు తల ఎత్తి కూర్చోవాలి. ముందు వరస చవక కావడానికి కారణం అదే. కుర్రాళ్లు గంటన్నర సినిమాకి సర్దుకుంటారు, మూడు గంటల సినిమాకి మాత్రం వద్దు.

*ప్రశ్న: బాబుకి ఐదు నెలలు. హాలుకి తీసుకెళ్లొచ్చా? – కొత్త అమ్మ*

వద్దమ్మా. హాళ్లలో తెర వెనక ఉండే ఒక్కో ప్రధాన స్పీకర్‌ని 85 డెసిబెల్స్‌కి సరిచేస్తారు. బాంబు పేలే సీన్లో అది ఒక్కోటీ 105 దాకా పలకగలదు. మనకే ఛాతీ అదురుతుంది. కొన్ని హాళ్లు పసిపిల్లల తల్లుల కోసం లైట్లు పూర్తిగా ఆర్పకుండా, సౌండ్ తగ్గించి ప్రత్యేకంగా ఆటలు వేస్తాయి. దగ్గర్లో ఉంటే అదే మంచిది. కారులో కూర్చుని చూసే డ్రైవ్-ఇన్ అయితే ఇంకా నయం. 1933 జూన్‌లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం క్యామ్‌డెన్‌లో మొదటిది పెట్టినప్పుడు శబ్దం తెర దగ్గర స్పీకర్లలోంచే వచ్చేది. ఇప్పుడు కారు ఎఫ్ఎం రేడియోలో వినొచ్చు, వాల్యూమ్ మీ చేతిలో ఉంటుంది. చీకటి పడ్డాకే ఆట, తెర వెలుగు హాల్లో అంత ఉండదు, కారు బ్యాటరీ మీద ఒక కన్ను వేసి ఉంచాలి. కానీ బాబు ఏడిస్తే వెనక్కి తిరిగి చూసేవాళ్లెవరూ ఉండరు.

*ప్రశ్న: సీటు ఊగే 4డిఎక్స్‌కి వెళ్లాలని ఉంది. ఎలా ఉంటుంది?*

ఒకసారికి సరదా. సీటు ఊగుతుంది, గాలి వీస్తుంది, నీళ్లు చిమ్ముతాయి, వాసనలు వస్తాయి. నీళ్లు వద్దనుకుంటే సీటు చేతిదగ్గర బటన్ ఉంటుంది, వెతికి ఆపుకోండి. చేతిలో డ్రింకు పెట్టుకోవద్దు. గర్భిణులు, వెన్ను, మెడ, గుండె జబ్బులున్నవాళ్లు వెళ్లకూడదు. కథ తెలుసుకోవాలనుకున్న సినిమాని అక్కడ చూడొద్దు. నేను బయటికొచ్చాక మనవడు 'తాతా, విలన్ ఎందుకు చచ్చిపోయాడు?' అని అడిగితే చెప్పలేకపోయాను.

*ప్రశ్న: అందరికీ చెప్తారు సరే. మీరెక్కడ కూర్చుంటారు? – ఒక పాత పాఠకుడు*

తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండొంతులు వెనక్కి, మధ్యలో. హాల్లో సౌండ్ సరిచేసేటప్పుడు మైకు అక్కడే పెట్టుకునేవాళ్లం. ఇంజనీరు చెవులు ఎక్కడుంటాయో నా చెవులూ అక్కడే. బుకింగ్ మ్యాప్‌లో ఆ చోటు ఏ వరసకి వస్తుందో హాలుహాలుకీ మారుతుంది కాబట్టి చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను. 'మూడో స్క్రీన్: ఎఫ్ వరస మధ్య. జి వరసలో కడ్డీ అడ్డం. ఏసీ గాలి కుడివైపు నెత్తి మీద, శాలువా కావాలి.' ఇలా హాలుకో పేజీ. ప్రీమియం అని ఎక్కువ ధర రాసిన ఆఖరి రెండు వరసలకి దీనివల్లే ఎప్పుడూ డబ్బు కట్టలేదు. దాదాపు ప్రతిసారీ వాటికి రెండు మూడు వరసల ముందే, తక్కువ ధరలో, నా సీటు దొరుకుతుంది.

మా ఆవిడకి మాత్రం నడవ పక్క సీటే కావాలి. కాబట్టి నిజానికి నేను కూర్చునేది మధ్య నుంచి నాలుగైదు సీట్లు అవతల. ఇప్పుడు క్యాబిన్‌లో ఎవరూ ఉండరు, సర్వరే టైముకి ఆట మొదలుపెట్టేస్తుంది. నాకు మాత్రం ప్రతి 20 నిమిషాలకీ కళ్లు తెర కుడి పై మూలకి పోతాయి. రీలు అయిపోవస్తోందని చెప్పే చుక్క అక్కడే మెరిసేది. మొదటి చుక్కకి రెండో ప్రొజెక్టర్ మోటారు ఆన్ చెయ్యాలి, ఏడెనిమిది సెకన్లకి రెండోది, అప్పుడు బొమ్మ మార్చాలి. ఇప్పుడు ఆ చుక్క రాదు. మా ఆవిడ మోచేత్తో పొడిచి, 'సినిమా అక్కడ కాదు, ఇక్కడ' అని తెర మధ్యకి చూపిస్తుంది.